పండుకుంటే పెరిగే నడుమునొప్పిని పట్టించుకోండ్రి

మన ఊర్లల్ల నడుమునొప్పిని ఎవలూ పెద్దగ పట్టించుకోరు. నాట్లేసినంక ఆడోళ్లకు నొస్తది, బస్తాలు మోస్తే మొగోళ్లకు నొస్తది. రెండొద్దులు పండుకుంటే తగ్గుతది. కానీ పండుకుంటే తగ్గుడు పక్కనపెడితే, ఇంకా పెరిగే నడుమునొప్పి ఒకటున్నది. అది ముసలోళ్లకు కాదు, ఇరవై ఏండ్ల పిల్లలకు మొదలైతది. ఏండ్ల తరబడి మందు లేకుంట వదిలేస్తే కొందరికి ఎన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కపోతయి. ఆ జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. సులువుగ ఏఎస్ అంటరు.

నాకు అదే ఉన్నది. నొప్పి మొదలైనప్పుడు నాకు 21 ఏండ్లు. జబ్బు పేరు తెలిసేసరికి 26. ఇప్పుడు 33. నడుము కిందిభాగం అతుక్కపోయింది, మెడ సగమే తిరుగుతది. ఇగ విరగబూసిన చెట్టును చూడాలన్నా నాలుగడుగులు ఎనుకకు జరగాలె. తమ్ముళ్లు, చెల్లెండ్లు మీకు ఆ గతి రావద్దనే ఇది రాస్తున్న.

తేడా ఎట్ల తెలుస్తది?

బరువెత్తితే వచ్చే నొప్పికి ఒక తారీఖు ఉంటది. "మొన్న బస్తా లేపిన, పట్టేసింది" అని చెప్పొచ్చు. దీనికి అట్ల ఉండదు. ఎప్పుడు మొదలైందో తెల్వకుంట మెల్లగ వస్తది, మూడు నెలలు దాటినా పోదు. ఒకపాలి కుడి పిర్రల, ఇంకోపాలి ఎడమ పిర్రల గుంజుతది. తెల్లారగట్ల నొప్పికి మెలకువ వస్తది. పొద్దుగాల లేస్తే నడుము కట్టె లెక్క బిగుసుకొని ఉంటది. అరగంట, గంటైనా సడలదు. నడిస్తే, పనిల పడితే అప్పుడు తగ్గుతది. కొందరికి మడిమెలు నొస్తయి. కొందరికి ఒక కన్ను ఎర్రగయ్యి, నొప్పి లేశి, వెలుతురు సూడనియ్యదు. అట్లయితే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవాలె, ఆలస్యమైతే సూపుకే దెబ్బ.

ఈ జబ్బుల పెద్ద అన్యాయం ఏందంటే, మనిషి సోమరిపోతు లెక్క కనవడతడు. పొద్దుగాల ఎనిమిదైనా మంచం దిగడు, మాపటికి దోస్తులతోని క్రికెట్ ఆడుతడు. ఇంట్లోళ్లు "పనికే నొప్పి, ఆటకు లేదు" అంటరు. నన్నూ అన్నరు. అసలు అదే జబ్బు గుర్తు. ఊర్ల ఆర్‌ఎంపీ సూదులేసిండు. టౌన్ల ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి "డిస్కు జరిగింది, నెల రోజులు మంచం దిగొద్దు" అన్నడు. ఆ నెల రోజులల్ల నా నడుము ఇంకింత బిగుసుకపోయింది.

ఆడపిల్లలకైతే ఇంకా కష్టం. ఇది మొగోళ్ల జబ్బని చాన రోజులు అనుకున్నరు. ఆడోళ్లకూ వస్తది. కాకపోతే ఎక్స్‌రేల మార్పులు మెల్లగ కనవడతయి కాబట్టి "రక్తం తక్కువుంది" అని చెప్పి పంపిస్తరు.

బొక్కలు ఎందుకు అతుక్కుంటయి?

మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే శక్తి ఉంటది. ఈ జబ్బుల అది దారి తప్పి, నరాల లెక్క గట్టిగుండే పట్టీలు బొక్కకు అంటుకునే జాగల మీద పడతది. ముందుగాల నడుము కింద, పిర్రల ఎనుక ఉండే కీళ్లల్ల వాపు వస్తది. ఆడికెళ్లి మెల్లగ పైకి పాకుతది. వాపు వచ్చిన కాడ ఒళ్లు మాన్పుకుందామని కొత్త బొక్క పోస్తది. పై పూస అంచు నుంచి కింది పూస అంచు దాకా చిన్న వంతెన లెక్క బొక్క పెరుగుతది. అట్ల అన్ని పూసలు కలిస్తే ఎక్స్‌రేల ఎన్నుపూస కణుపుల ఎదురుబొంగు లెక్క కొడతది. డాక్టర్లు దాన్ని బ్యాంబూ స్పైన్ అనే అంటరు. పక్కబొక్కలు ఎన్నుపూసకు కలిసే కీళ్లు కూడ అతుక్కుంటే ఛాతీ నిండ గాలి పీల్చరాదు.

1973ల హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువుకు, ఈ జబ్బుకు సంబంధం ఉన్నదని తేలింది. కానీ ఆ జన్యువు ఉన్న చానమందికి జబ్బు రానేరాదు, జన్యువు లేకున్నా కొందరికి వస్తది. అంటువ్యాధి కాదు, ఎవలి శాపం కాదు.

అతుక్కుంటే గట్టివడ్డట్టు కాదు

ఇది అందరు తప్పుగ అనుకునే సంగతి. గొలుసు లెక్క వంగే ఎన్నుపూస గడ్డపార లెక్క అయితది, నిజమే. కానీ గడ్డపార బలం రాదు. బయట కొత్త బొక్క పెరుగుతుంటే లోపల ఉన్న బొక్క డొల్లవడతది. దెబ్బ తగిలితే చాక్‌పీస్ లెక్క విరుగుతది. బాత్‌రూంల జారి పడ్డా మెడ విరగొచ్చు, లోపలి వెన్నుపాముకు దెబ్బతగిలి కాళ్లు చేతులు పడిపోవచ్చు.

అందుకే ఏఎస్ ఉన్నోళ్లు కటింగ్ షాపుల మెడ విరిపించుకోవద్దు. నడుము తొక్కిచ్చుకుంట, గుంజిపిచ్చుకుంట "సాపు" చేపిచ్చుకోవద్దు. ఇట్లాంటి మనిషి పడితే మెడను బలవంతంగ నేలకు ఆనియ్యొద్దు. మునుపు ఎట్ల వంగి ఉండెనో అట్లనే తల కింద బట్టల మడత పెట్టి, కదలకుంట దవాఖానకు తీస్కపోవాలె. "ఏఎస్ ఉన్నది" అని డాక్టర్లకు ముందుగాల్నే చెప్పాలె. పడ్డంక కొత్త నొప్పి వస్తే, నడవగలిగినా సరే, స్కాన్ తీపిచ్చాలె.

మరి ఏం చెయ్యాలె?

అతుక్కున్న పూసలను మందులు విడదియ్యలేవు. ఉన్న వాపును మాత్రం అదుపు చెయ్యొచ్చు. తొందరగ మొదలువెడితే చానమంది నడుము వంగుకుంటనే ఉంటది. అందరికీ పూర్తిగ అతుక్కపోదు కూడ.

సూపిచ్చుకోవాల్సింది రుమటాలజిస్టుకు. హైదరాబాద్ నిమ్స్‌ల ఆ విభాగం ఉన్నది. ఎక్స్‌రే మంచిగున్నదంటే జబ్బు లేదని కాదు. మొదటి ఏండ్లల్ల ఎక్స్‌రేల ఏం కనవడదు, ఎమ్మారైల వాపు తెలుస్తది.

ముందుగాల వాపు తగ్గించే గోలీలు ఇస్తరు. ఇవి డాక్టర్ చెప్పినట్టే వాడాలె. మెడికల్ షాపుల కొనుక్కొని ఏండ్లకేండ్లు మింగితే కడుపుల పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. వాటితోని తగ్గకుంటే బయోలాజిక్ సూదులున్నయి. అడాలిముమాబ్ లాంటివి మన దేశంలనే తయారైతున్నయి, అయినా ఖర్చు ఎక్కువే. అవి వేసేముందు టీబీ పరీక్ష చెయ్యాలె, ఎందుకంటే లోపల నిద్రవోయిన టీబీని అవి లేపొచ్చు. ఊర్లల్ల ఇచ్చే స్టెరాయిడ్ గోలీలు ఎన్నుపూసకు పెద్దగ పనిచెయ్యవు, పైగ బొక్కలను ఇంకా డొల్లజేస్తయి.

ఇగ పైసలు లేని మందు కసరత్తు. నేను రోజూ ముప్పావుగంట చేస్త. నడుస్త, ఛాతీ నిండ గాలి పీలుస్త, పదిహేను నిమిషాలు బోర్ల పండుకుంట. ఈత మస్తు మంచిది, కానీ గట్టు మీదికెళ్లి దుంకవద్దు. దిండు పలుచగ పెట్టుకోవాలె. బీడీ, సిగరెట్ బంద్ చెయ్యాలె. పొగ తాగేటోళ్లకు పూసలు జల్ది అతుక్కుంటయి. మెడ తిరగనోళ్లు బండి నడిపితే రెండు దిక్కులా అద్దాలు ఉండాల్సిందే.

నెలకొకసారి గోడకు మడిమెలు, వీపు ఆనిచ్చి నిలవడండ్రి. గదుమ పైకి లేపకుంట తల ఎనుకభాగం గోడకు తగలాలె. తగలకపోతే, సందు పెరుగుతుంటే, డాక్టర్‌కు చెప్పండ్రి.

నొప్పి మొదలైన నాటి నుంచి పేరు తెలిసే దాకా నాకు ఐదేండ్లు పోయినయి. పూసలు అతుక్కునేది ఆ ఏండ్లల్లనే. మీ దోస్తు ఎవడన్న పొద్దుగాల గోడ పట్టుకొని లేస్తుంటే నవ్వకుండ్రి. ఎన్ని నెలల సంది అని అడగండ్రి. మూడు దాటితే బండెక్కిచ్చుకొని దవాఖానకు తీస్కపోండ్రి.