ఆవిరిని పట్టేదొకటి, తరిమేదొకటి

ప్రెషర్ కుక్కర్ పాఠం నడుస్తుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "సార్, చికెన్ వేయించే ప్రెషర్ ఫ్రయ్యర్లో నీళ్లు పోయరు కదా, నూనే పోస్తారు. మరి ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

కోడిలోంచే వస్తుంది. పచ్చి కోడిమాంసంలో ముప్పాతిక వంతు దాకా నీరే. ముక్కలు కాగిన నూనెలో పడగానే ఆ నీరు ఆవిరై పైకి తన్నుకొస్తుంది. మూత బిగించి ఉంటే దానికి దారి దొరకదు, లోపల పీడనం పెరుగుతుంది. చదరపు అంగుళానికి అదనంగా 12 పౌండ్లకు చేరాక వాల్వు తెరుచుకుని మిగిలినదాన్ని వదిలేస్తుంది. అంత పీడనంలో నీరు సుమారు 117 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని మరగదు. మూతలేని బాణలిలో నూనె 170 డిగ్రీలున్నా, తడి ఆరనంతసేపు మాంసం వేడి 100 దాటదు. నీరు మాత్రం బుసబుసా పోతూనే ఉంటుంది. మూత పెడితే మాంసం మరింత వేడెక్కి తొందరగా ఉడుకుతుంది, తడి లోపలే నిలుస్తుంది. వండే పదార్థమే తనకు కావలసిన పీడనాన్ని తయారుచేసుకునే యంత్రం ఇది. నాకు దీనిమీద తీరని మోజు.

పెనంలో వేయిస్తే అరగంట పడుతోందని 1939లో కెంటకీలో, తర్వాత కెఎఫ్‌సీ పెట్టిన హార్లాండ్ సాండర్స్ ప్రెషర్ కుక్కర్‌నే ఫ్రయ్యర్‌గా వాడాడు. కాగే నూనెతో ఆ పని ప్రమాదకరం. తర్వాతి ఇంజనీర్లు ఈ పని కోసమే గట్టి యంత్రాలు కట్టారు.

అయితే పట్టి ఉంచిన ఆవిరి పైపొరను మెత్తబరుస్తుంది. కొరియా పద్ధతి సరిగ్గా ఇక్కడే ఎదురు తిరుగుతుంది. సియోల్‌లో మిగిలిన పాతకాలపు హోఫ్‌లో, అంటే మసక దీపాల బీరు హాల్లో, సోఫాలో కూర్చుని వేయించిన కోడి తెప్పించుకుంటే పైపొర గాజుపెంకులా పగలాలి. అందుకే రెండుసార్లు వేయిస్తారు. మొదటి వాయి తీసి కాసేపు ఆరబెడతారు. ఆ విరామమే కీలకం: మాంసంలోని తడి మెల్లగా పైపొరలోకి పాకుతుంది. రెండోసారి ఇంకా వేడి నూనెలో వేస్తే ఆ తడి ఎగిరిపోయి, పొర బిగుసుకుంటుంది. మైదా బదులు బంగాళదుంప పిండి, మొక్కజొన్న పిండి కలిపితే గ్లూటెన్ సాగుడు ఉండదు, పొర పల్చగా వస్తుంది. అక్కడి కోళ్లు కిలో అటూఇటూ బరువున్నవే కాబట్టి ఎముక దాకా ఉడకడానికి మూత అక్కర్లేదు. నా ఓటు ఈ పద్ధతికే.

పొర అంత గట్టిది కాబట్టే సాస్‌ను మోస్తుంది. కొరియా నగరం డేగూలో యూన్ జోంగ్-గ్యే 1980 ప్రాంతంలో కారం, వెల్లుల్లితో యాంగ్‌న్యోమ్ సాస్ చేసి, అందులో పిండిపదార్థం నుంచి తీసిన చిక్కటి తీపి పాకం కలిపాడు. చక్కెరలు నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే సాస్ మెరుస్తూ అంటుకుంటుంది, పొరను త్వరగా నానబెట్టదు. పక్కనే ఇచ్చే పుల్లటి ముల్లంగి ముక్కలు నోట్లోని జిడ్డును కడిగేస్తాయి.

కొరియాలో వేయించిన కోడి కథ వేగంగా నడిచింది. 1971లో దేశంలోనే సోయా నూనె తయారై చవకైంది. అంతకుముందు పేరున్నది కరెంటు పొయ్యిలో తిప్పి కాల్చిన కోడి. 1977లో లిమ్స్ చికెన్ అనే దుకాణం, 1984లో కెఎఫ్‌సీ వచ్చాయి. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది చికెన్ దుకాణాలు తెరిచారు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్ రాత్రుల్లో చికెన్, బీరు జంట దేశమంతా పాకింది. ఇప్పుడు కొన్ని దుకాణాల్లో నూనె బుట్టను ముంచి తీసేది రోబో చెయ్యి.