పెట్రోలు కార్డు... లెక్క తప్పితే వల్లో పడ్డట్టే!

తెల్లారకముందే విశాఖ ఫిషింగ్‌ హార్బర్‌లో వేలం పాట జోరందుకుంటుంది. ఒడ్డుకొచ్చిన మరపడవల నుంచి చేపల గంపలు దిగుతుంటే, వేటకెళ్లే పడవల్లోకి ఐసు, డీజిలు ఎక్కుతుంటాయి. ఆ డీజిలు చాలాసార్లు అప్పు మీదే. సరుకు కొనే వ్యాపారి ముందుగా పెట్టుబడి ఇస్తాడు. వేట నుంచి తిరిగొచ్చాక చేపలు అతనికే వేయాలి. ధర దగ్గర బేరమాడే నోరు అప్పటికే మూతపడి ఉంటుంది. చమురు కోసం అప్పు చేస్తే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అవే ఇళ్ల నుంచి బైకు మీద కాలేజీకి బయల్దేరే పిల్లల్ని ఇంకో రకం అప్పు పలకరిస్తోంది. అదే క్రెడిట్‌ కార్డు. 'పెట్రోలు కొట్టించండి, డబ్బులు వెనక్కి తీసుకోండి' అంటూ ఊరిస్తోంది. 1957 నుంచీ రిఫైనరీ ఉన్న ఊరైనా పెట్రోలేమీ చౌక కాదు. లీటరుకు వంద దాటి చాలా కాలమైంది. మరి ఆ కార్డు తీసుకోవచ్చా? తీసుకుంటే ఎలాంటిది?

నెలకు మిగిలేదెంత?

హార్బర్‌ నుంచి రుషికొండ వైపు కాలేజీకి రానూపోనూ సుమారు 30 కిలోమీటర్లు. నెలకు పాతిక రోజులు తిరిగితే 750. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బైకుకి 17 లీటర్లు కావాలి. సినిమాలు, షికార్లు కలిపి 20 లీటర్లు అనుకుందాం. లీటరు రూ.110 లెక్కన నెలకు రూ.2,200.

భారత్‌ పెట్రోలియం - ఎస్‌బీఐ కార్డునే తీసుకోండి. బీపీసీఎల్‌ బంకుల్లో 4.25 శాతం కలిసొస్తుందని దాని ప్రకటన. ఇందులో ఒక శాతం సర్‌చార్జి మాఫీ. అసలు ఆ సర్‌చార్జి కార్డుతో కడితేనే పడుతుంది. నగదు ఇచ్చినా, ఫోనులో యూపీఐతో ఖాతా నుంచి కట్టినా అది ఉండదు. అంటే నిజంగా మిగిలేది 3.25 శాతమే. రూ.2,200కు నెలకు 71 రూపాయలు, ఏడాదికి దాదాపు రూ.858. వార్షిక రుసుము రూ.499, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.589 పోతుంది. చివరికి చేతిలో మిగిలేది సుమారు రూ.270! మొదటి ఏడాది స్వాగత పాయింట్లు వస్తాయి కానీ అవి ఒక్కసారికే. ఏడాదికి రూ.50 వేలు ఖర్చుపెడితే రుసుము ఉండదంటారు. ఈ విద్యార్థి పెట్రోలు ఖర్చంతా కలిపినా రూ.26,400 దాటదు. మాఫీ కోసం అక్కర్లేనివి కొంటే అది పొదుపెలా అవుతుంది?

వందకు కొట్టిస్తే...

కుర్రాళ్లకు బంకులో 'వందకు కొట్టన్నా' అనడం అలవాటు. చాలా కార్డులు ఒకేసారి రూ.400 లేదా రూ.500కు తగ్గకుండా కొట్టిస్తేనే సర్‌చార్జి మాఫీ చేస్తాయి. ఇంకో మెలిక... ఒక కంపెనీ పేరుతో ఉన్న కార్డుకి ఆ కంపెనీ బంకులోనే పూర్తి లాభం. రోజూ వెళ్లే దారిలో ఉన్నది హిందుస్థాన్‌ పెట్రోలియం బంకైతే, ఇండియన్‌ ఆయిల్‌ కార్డు కోసం మూడు కిలోమీటర్లు చుట్టు తిరగడం దండగే. 'అన్ని కొనుగోళ్లకూ క్యాష్‌బ్యాక్‌' అనే మామూలు కార్డుల్లో చాలావాటికి పెట్రోలు లెక్కలోకే రాదు.

వేట ఆగినా బిల్లు ఆగదు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకూ 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ ఇంట్లో చేతులు ఆడవు. 2025లో ప్రభుత్వం వేట నిషేధ భృతిని రూ.20 వేలకు పెంచింది. అది ఇంటి బియ్యానికీ, పడవ మరమ్మతుకూ సరిపెట్టుకోవాల్సిన డబ్బు. కానీ కార్డు బిల్లుకు నిషేధ కాలం ఉండదు. మే నెలలోనూ గడువు తేదీ ఠంచనుగా వస్తుంది.

ఆ తేదీ దాటితే వడ్డీ నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. అంటే ఏడాదికి 42 శాతం! పైగా ఆలస్య రుసుము వందల్లో. 'కనీస మొత్తం' కట్టి ఊపిరి పీల్చుకున్నా మిగతా బాకీ మీద వడ్డీ పరుగెడుతూనే ఉంటుంది. ఏడాదంతా కూడబెట్టిన రూ.270 ఒక్క పొరపాటుతో హుష్‌కాకి. పోల్చి చూస్తే, 2018-19లో మత్స్యకారులకూ వర్తింపజేసిన కిసాన్‌ క్రెడిట్‌ కార్డు మీద, సకాలంలో తీర్చేవారికి పడే వడ్డీ ఏడాదికి 4 శాతం. నాన్న కార్డుకీ కొడుకు కార్డుకీ అంత తేడా. ఒక్క బాకీ సిబిల్‌ రికార్డులోకి ఎక్కితే రేపు చదువు రుణానికీ అడ్డుపడొచ్చు.

తీసుకోవాలంటే...

* పద్దెనిమిదేళ్లు నిండాలి. ఆదాయం లేని విద్యార్థికి సులువైన దారి ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ మీద ఇచ్చే కార్డు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. బాకీ పడితే మాత్రం బ్యాంకు అందులోంచే తీసుకుంటుంది.

* వార్షిక రుసుము లేనిదే ఎంచుకోవాలి. నెలకు రెండు వేల పెట్రోలుకు రుసుము కట్టే కార్డు దాదాపు గిట్టదు.

* అమ్మానాన్నల కార్డుకి అనుబంధంగానూ తీసుకోవచ్చు. అయితే బిల్లు కట్టాల్సింది వాళ్లే. వాళ్లకు చెప్పకుండా గీకకూడదు.

* రిజర్వ్‌ బ్యాంకు నిబంధనల ప్రకారం బిల్లు తేదీని కనీసం ఒక్కసారి మార్చుకునే వీలుంది. ఇంట్లో డబ్బులొచ్చే రోజులకు దగ్గరగా పెట్టుకోవాలి.

* బంకులో కార్డు గీకిన రోజే అంత మొత్తం వేరే ఖాతాలో పక్కన పెట్టాలి. అంత డబ్బు చేతిలో లేదంటే ఆ రోజు సిటీ బస్సే మేలు!

సముద్రంలోకి వెళ్లే పడవలో తిరిగి ఒడ్డు చేరడానికి సరిపడా డీజిలు ఉందో లేదో ముందే చూసుకుంటారు. హార్బర్‌లో పెరిగిన పిల్లలకు ఇది తెలిసిన సంగతే. కార్డు చేతికొచ్చాక కూడా అది గుర్తుంటే చాలు.