మన పుస్తెల్లో బంగారమెంత?

2012లో నా పీజీ ఫీజు కోసం అమ్మ తన గొలుసు అమ్మడానికి టౌనుకి వెళ్లింది. ఇరవై రెండు క్యారెట్లని చెప్పి అమ్మిన షాపువాళ్లే గీటురాయి మీద గీసి, పద్దెనిమిదే వస్తోందన్నారు. రసీదు లేదు. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసిన లెక్క ఒకటుంది, అంతే. అమ్మ గొడవపడలేదు, ఇచ్చింది తీసుకుని వచ్చేసింది.

బంగారం విషయంలో క్యారెట్ అంటే బరువు కాదు, పాలు. నగ మొత్తాన్ని 24 పాళ్లనుకుంటే అందులో బంగారం ఎన్ని పాళ్లో చెప్పే అంకె. మేలిమి బంగారం మెత్తన, నగగా నిలవదు కాబట్టి రాగి, వెండి లాంటివి కలుపుతారు. కలపడంలో తప్పేం లేదు. 18 పాళ్లే ఉంచి 22కి డబ్బు తీసుకోవడం దగ్గరే పేచీ. వెయ్యి పాళ్లలో చెబితే 22 క్యారెట్లు 916, 18 అయితే 750, 14 అయితే 585.

ఒక కాసు, అంటే 8 గ్రాములు తీసుకోండి. 22 క్యారెట్లయితే అందులో అసలు బంగారం 7.33 గ్రాములు. 18 అయితే 6 గ్రాములే. లెక్క సులువుకి గ్రాము పదివేలనుకున్నా, తేడా పదమూడు వేలు దాటుతుంది. అది ఎన్ని రోజుల కూలో వేసుకోండి. తరుగు, మజూరీ పేరుతో కట్టింది దీనికి అదనం, అమ్మేటప్పుడు అది తిరిగి రాదు.

2021 జూన్ నుంచి 256 జిల్లాల్లో మొదలుపెట్టి హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ త్రికోణం, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ. ఆ హెచ్‌యూఐడీని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి. హాల్‌మార్క్ ఉండీ స్వచ్ఛత తక్కువని తేలితే, 2018 బీఐఎస్ నిబంధనల ప్రకారం ఆ తేడా విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చులు షాపు చెల్లించాలి. అందుకే బిల్లు అడగాలి. ‘కేడీఎం’ అని గొప్పగా చెబితే నమ్మకండి. అది కాడ్మియంతో అతుకు వేసే పద్ధతి పేరు. ఆ పొగ పీల్చే పనివాడి ఊపిరితిత్తులకు హాని.

అయితే రెండు గ్రాముల లోపు వస్తువులకు, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే షాపులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ముక్కుపుడక, చెవిపోగులు, ఒక్కోటి గ్రాము పుస్తె: మన వాడల్లో కొనేది ఎక్కువగా ఇవే, అదీ వాయిదాల మీద తెలిసిన చిన్న షాపులో. చట్టం సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

ఇండోర్ ప్రాంతంలో బలాయీ స్త్రీలు బంగారు, వెండి నగలు పెట్టుకోకూడదని అగ్రకులాలు విధించిన ఆంక్షను అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’లో ప్రస్తావించారు. అలాంటి నిషేధాలు దాటుకుని కొన్న నగలివి. ఆసుపత్రికైనా, హాస్టల్ ఫీజుకైనా మొదట తాకట్టుకి వెళ్లేవీ ఇవే.

తాకట్టు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బంగారాన్ని రుణగ్రహీత ఎదుటే పరీక్షించాలని, స్వచ్ఛత, మొత్తం బరువు, రాళ్లకూ లక్కకూ తీసేసిన బరువు రాసి పత్రం ఇవ్వాలని 2025 జూన్‌లో ఆర్‌బీఐ ఆదేశాలిచ్చింది. ఇవి బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు వర్తిస్తాయి. ఊళ్లో వడ్డీ వ్యాపారికి వర్తించవు. అతని దగ్గర ఇప్పటికీ గీటురాయే ఉంది, అది అతని చేతిలోనే ఉంది.