లింఫోమా చికిత్సలో రక్తపరీక్ష చెప్పునది, చెప్పనిది

మెడలోను, చంకలోను, గజ్జలలోను బిళ్ళ కట్టుట మన పల్లెలలో సర్వసాధారణము. కాలి పుండు చీముపట్టినను గజ్జలో బిళ్ళ కట్టి, పుండు మానగనే తగ్గిపోవును. కాని నొప్పి లేకయే వారముల తరబడి పెరుగు బిళ్ళను ఉపేక్షింపరాదు. అది క్షయ కావచ్చును. లింఫోమా అను క్యాన్సరు కావచ్చును. బిళ్ళ నుండి ముక్క తీసి పరీక్షించిననే నిజము తేలును. రక్తపరీక్ష దానిని తేల్చజాలదు.

రోగమేదో నిర్ధారణయైన పిమ్మట రక్తపరీక్షకు పని హెచ్చును. పల్నాటి రోగి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సరు కేంద్రమునకో, మరియొక చోటికో పోయి మందు ఎక్కించుకొనును. తరచుగా వాడు పద్ధతిలో 21 దినములకొక పర్యాయము మందిత్తురు. ఈ మందులు రోగకణములతోపాటు ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములను గూడ తగ్గించును. సుమారు 10 నుండి 14వ దినము నడుమ అవి మిక్కిలి క్షీణించి, మరల కోలుకొనును. వానిలో న్యూట్రోఫిలులు అనునవి ఘన మిల్లీమీటరుకు 1,000కి లోబడియున్నచో వైద్యులు సాధారణముగా మందును కొన్ని దినములు వాయిదా వేయుదురు. మాచర్ల నుండి నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసి, కణములు చాలవని తిరిగివచ్చుట ఎంత కష్టము! వైద్యుడు అంగీకరించినచో ముందునాడే గురజాలలోనో, నరసరావుపేటలోనో పరీక్ష చేయించుకొని పోవుట మేలు.

ఈ దినములలో 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో జ్వరపు మాత్ర మ్రింగి పరుండరాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును.

ఇక రోగము తగ్గుచున్నదా యను ప్రశ్న. రక్తపరీక్ష కాగితముపై ఎల్.డి.హెచ్. అను నొక అంకె యుండును. చికిత్సకు పూర్వము హెచ్చుగా నుండి, క్రమముగా దిగినచో శుభసూచనయే. కాని కాలేయము చెడినను, తెల్లకణములు పెంచు ఇంజెక్షను వేసినను ఈ అంకె హెచ్చును. తీసిన రక్తములో ఎర్రకణములు చితికినను హెచ్చును. పల్నాటి ఎండలో నమూనాను మోటారు సైకిలుపై దూరము పంపినచో అట్లు జరుగవచ్చును. కనుక ఒక్క అంకెకు బెదరక మరల పరీక్ష చేయింపవలెను.

అంతకంటె ప్రమాదకరమైనది మంచి అంకె. కొందరికి ఎల్.డి.హెచ్. మొదటినుండియు మామూలుగానే యుండును. బిళ్ళలు కరగినవి, అంకె సరియైనది, మిరపకోతలు వచ్చినవి యని నడుమ చికిత్స మానుట వలన రోగము మరల తలయెత్తును; అప్పుడు లొంగదీయుట మరింత కష్టము. పెక్కు లింఫోమాలలో తగ్గుదలను తేల్చునది పెట్-సి.టి. చిత్రము. దానిని 1 నుండి 5 వరకు గల డోవిల్ కొలమానముతో చదువుదురు. 1, 2 మంచికి గుర్తు. 3 సైతము పెక్కుమారులు మంచిదే. చివరి మందు పిమ్మట సాధారణముగా 6 నుండి 8 వారములు ఆగి ఈ చిత్రము తీయుదురు.

కొన్ని లింఫోమాలకు వాడు మెథోట్రెక్సేటు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందుల కుటుంబములోనిది. హెచ్చు మోతాదులో ఇచ్చినపుడు రక్తములో ఇంకను ఎంత మందు మిగిలినదో కొలిచి, దానిని బట్టియే విరుగుడు మందిత్తురు. అక్కడ రక్తపరీక్షయే రోగికి రక్ష.

పరీక్షలు వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించుకొనుడు, ఎల్.డి.హెచ్. మామూలు హద్దు ప్రయోగశాలను బట్టి మారును. కాగితములన్నియు తేదీల వరుసలో దాచి, పోయినప్పుడెల్ల వైద్యునికి చూపుడు.