రిలే ఏల పొరపడును?

తుపానుగాలికి విఱిగిన తాటిమట్ట విద్యుత్తీగెలపై పడినచో, ఱెప్పపాటులో ఆ మార్గమున కరెంటు నిలిచిపోవుటను మీరు చూచియే యుందురు. ఉపకేంద్రమునందలి రిలే యను పరికరము, తీగెలో ప్రవాహము మితిమీరి పెరుగుటను కనిపెట్టి, బ్రేకరును తెఱపించుటయే దానికి కారణము.

బొగ్గుతోనో నీటితోనో నడచు జనరేటరులో అయస్కాంతము తిరుగుచు దళసరి రాగిచుట్టలలో విద్యుత్తు పుట్టించును గావున, తీగె నేల తాకిన క్షణమున అది సాధారణముకంటె అయిదాఱు రెట్ల ప్రవాహమును వెలిగ్రక్కును. పాత రిలేలు ఆ వెల్లువ నెఱిగియే అమర్చబడినవి.

సూర్యఫలకముల సంగతి వేఱు. వాని ఏకముఖ ప్రవాహమును గ్రిడ్డుకు తగినట్లు మార్చు ఇన్వర్టరులోని సిలికాన్ స్విచ్చులు మిక్కిలి సుకుమారములు. ప్రవాహము హద్దు మీఱినచో క్షణములో మాడిపోవును గనుక, వానిని నడపు నియంత్రణ వ్యవస్థ సాధారణముగా 1.1 లేక 1.2 రెట్లు దాటనీయదు. అంత స్వల్పమైన పెరుగుదలను గాంచిన రిలే, వేసవి మధ్యాహ్నమున జనులు మఱికొన్ని కూలర్లు వేసికొనిరని తలచి యూరకుండును!

ఇంతకంటె చిక్కైనది దిక్కు. దోషము తనకు ముందున్నదో వెనుకనున్నదో రిలే వోల్టేజికిని ప్రవాహమునకును నడుమనున్న కోణమునుబట్టి నిర్ణయించును. తిరుగు యంత్రమున ఆ కోణము ప్రకృతిసిద్ధము, ఇన్వర్టరుననో, తయారుచేసినవారు వ్రాసిన ప్రోగ్రాము చెప్పినట్లు మాఱును. అందుచే రిలే దోషములేని తీగెనే విడదీయవచ్చును.

తీగె రెండు కొసలయందును రిలేల నుంచి, లోనికి వచ్చినదియు వెలుపలికి పోయినదియు సమానమా యని పోల్చు డిఫరెన్షియల్ పద్ధతి ఈ చిక్కునకు చాలవఱకు లొంగదు. అయితే కొసల నడుమ నమ్మదగిన వార్తామార్గము కావలయును, వ్యయమును అధికము. గాలి, ఎండల విద్యుత్తుపై మిక్కిలి ఆధారపడిన దక్షిణ ఆస్ట్రేలియా 2021లో మఱియొక దారి పట్టినది: ఇంధనము మండింపకయే గ్రిడ్డుతోపాటు తిరుగుచు, దోషసమయమున ప్రవాహమునందించు సింక్రనస్ కండెన్సరులను నాలుగింటిని నెలకొల్పినది.