అనూరాధ చుట్టూ తిరిగే వాయువు

ఆషాఢంలో రాత్రి తొమ్మిది గంటలప్పుడు, మబ్బు అడ్డురాకపోతే, ఉదయగిరి కొండ కింది పల్లెల్లోనూ ఆత్మకూరు దాటిన మెట్ట ఊళ్లలోనూ దక్షిణాన వృశ్చికం బాగా కనబడుతుంది. ఎర్రటి చుక్క జ్యేష్ఠ. దానికి పడమటి పక్క వరుసగా మూడు చుక్కలుంటాయి, అవే అనూరాధ. వాటిలో నడిమిదాన్ని ఖగోళవేత్తలు డెల్టా స్కార్పీ అంటారు. హైదరాబాదు నిజామియా వేధశాల ఒకప్పుడు ఫొటోలు తీసి కేటలాగు కట్టిన ఆకాశపు పట్టీలోదే ఇది.

2000 దాకా దీని ప్రకాశం అంకె 2.3. ఆ ఏడాది నడుమ అర్జెంటీనాకు చెందిన సెబాస్టియన్ ఒటెరో, చుక్క వెలుగు పెరిగిందని గుర్తించాడు. తర్వాత అంకె 1.6 దాకా దిగింది. ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ.

ఈ పెరుగుదలకు కారణం చుక్క చుట్టూ చేరిన వాయువు. ఇలాంటి వేడి నీలి నక్షత్రాలు విపరీతమైన వేగంతో తమ చుట్టూ తాము తిరుగుతాయి. నడుము దగ్గర గురుత్వం పట్టు సడలి, వాయువు బయటపడి డిస్కులా చుట్టూ తిరుగుతుంది. అందులోని హైడ్రోజన్ వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతగా కనబడుతుంది. అలాంటి గీతను 1866లో గామా కాసియోపియా అనే చుక్కలో ఏంజెలో సెక్కి తొలిసారి చూశాడు.

డెల్టా స్కార్పీకి తోడు చుక్క ఉంది. బాగా సాగిన కక్ష్యలో దాదాపు 10.8 ఏళ్లకోసారి దగ్గరికొస్తుంది. 2000లో అలా వచ్చినప్పుడే డిస్కు పెరిగింది కనుక కారణం ఆ తోడేనన్న అనుమానం కలిగింది. 2011లో అందరూ కాచుకుని చూశారు. డిస్కు చెదిరిపోలేదు! నా ఉద్దేశంలో వాయువును బయటికి పంపేది ప్రధానంగా నక్షత్రం వేగమే. తోడు దాని తీరు మారుస్తుంది, అంతే.

దగ్గరగా, గుండ్రంగా తిరిగే తోడైతే ఆ మార్పు నిత్యం సాగుతుంది. దాని ఆకర్షణ డిస్కు బయటి అంచును కోసేస్తుంది. ముందుకు పోలేని వాయువు, సోమశిల కట్ట దగ్గర పెన్న నీరు నిలిచినట్టు, లోపలే చిక్కబడుతుంది. అందులో మెలికల అలలు లేస్తాయి. తోడు కక్ష్య డిస్కు తలానికి వాలుగా ఉంటే డిస్కే మెల్లగా వాలిపోతుంది. కృత్తికల్లోని ప్లేయొనీ డిస్కు దశలు సుమారు 35 ఏళ్లకోసారి మారడం వెనుక, 218 రోజులకోసారి చుట్టివచ్చే దాని తోడు ఉందంటారు.

ఇలాంటిదే మరో చుక్క ఫై పెర్సీ కథ ఇంకా పాతది. సుమారు 127 రోజులకోసారి తిరిగే దాని తోడు ఒకప్పుడు పెద్ద నక్షత్రం. పైపొరల వాయువంతా రెండోదానికిచ్చి, దాని భ్రమణ వేగం పెంచి, తాను చిన్న వేడి గుండెగా మిగిలింది. ఇలాంటి తోడు చుక్కలు ప్రధాన నక్షత్రం వెలుగులో కలిసిపోతాయి. అందుకే వాటిని ఎక్కువగా అతినీలలోహిత కాంతిలో వెతుకుతారు.