అమృతపాణి పాదులోని అదృశ్య జనపదము

రాజమహేంద్రవరమునుండి గోదావరి దాటి కొవ్వూరు చేరినను, ధవళేశ్వరము మీదుగా ఆత్రేయపురము, రావులపాలెము వైపు సాగినను, కాలువగట్టుల కిరువైపుల కనులకు నిండుగా గోచరించునది అరటియే. రావులపాలెము అంగడిలో గెలను చూచినంతనే చక్కెరకేళి యేదో, అమృతపాణి యేదో, బొంత యేదో చెప్పగలవారు పెక్కుమంది గలరు. కాని ఆ గెలను మోసిన బోదెలోను, దాని దుంపచుట్టునున్న పిడికెడు మంటిలోను కంటి కగపడని శిలీంధ్రములు ఎన్ని తెగలుగా కాపురమున్నవో, వానిలో హితులెవ్వరో శత్రువులెవ్వరో విచారించువారు అరుదు. అమృతపాణి మన తోటలలో అంతకంతకు తగ్గిపోవుటకు ఈ విచారణ లేమియు నొక కారణమని నా నిశ్చయము.

హితులను ముందు చెప్పవలెను. అరటివేరు లోతునకు పోదు, పైమంటిలోనే పరచుకొనును. భాస్వరమో, మంటి కణముల నంటిపెట్టుకొని యెక్కడిదక్కడనే నిలుచును. ఈ దూరమును తీర్చునవి వేళ్ళతో కలసి జీవించు శిలీంధ్రములు. ఈ సహజీవనమునకు 1885లో ఫ్రాంక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మైకోరైజా యని పేరిడెను. ఆ శిలీంధ్రములు మిక్కిలి సన్నని పోగులతో, వేరు చొరజాలని సందులలోనికి చొచ్చి భాస్వరమును తెచ్చి యిచ్చి, ప్రతిఫలముగా ఆకులు సిద్ధపరచిన చక్కెరను గైకొనును. ట్రైకోడెర్మా యనునది ఇతర శిలీంధ్రముల పోగులను చుట్టుకొని వానినే ఆహారముగా గొనును. ఏ కీడును చేయక బోదెలో, ఆకులో నివసించు అంతర్వాసులును గలవు. పచ్చికాయ తొక్కలో మౌనముగా నుండి, పండగానే నల్లమచ్చలై బయల్పడునవియు గలవు. కనుక మిత్రశత్రుభేదము ఇచట సులభముగా తేలునది కాదు.

నిస్సంశయముగా శత్రువైనది ఫ్యుజేరియం. ఇది వేరు ద్వారమున ప్రవేశించి నీటినాళములను మూసివేయగా, అడుగు ఆకులు అంచులనుండి పసుపెక్కి, కాడ విఱిగి, బోదెచుట్టు పావడవలె వ్రేలాడును. దుంపను కోసి చూచిన ఎఱ్ఱని గోధుమవన్నె చారలు కనబడును. 1876లో ఆస్ట్రేలియాలో వర్ణింపబడిన ఈ తెగులు, పిదప మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అను జాతి తోటలను పాడుచేసి పనామా తెగులని ప్రసిద్ధి కెక్కెను. గ్రోస్ మిషెల్‌కు బదులుగా ప్రపంచమంతట నాటిన కావెండిష్ జాతిని సైతము కూల్చగల ఫ్యుజేరియం నాలుగవ తెగ యిప్పటికే బీహారు తోటలకు చేరినది. మన గ్రాండ్ నైన్ ఆ జాతిదే యని మఱువరాదు. అమృతపాణికైతే పాత తెగయే చాలును, బొంతయు దానికి లొంగును, కర్పూర చక్కెరకేళి మాత్రము తట్టుకొని నిలుచును. అరటి గింజవలన గాక పిలకవలన సంతానము పొందునది గనుక, తల్లికి గల బలహీనత తోటయంతకు నొక్కటే. పిలకతోడనే తెగులును పయనించును.

చెట్టులో ప్రవేశించిన పిదప దీనిని నిర్మూలించు ఔషధము లేదు. దీని బీజములు అరటి లేని నేలలోనైనను దశాబ్దములు వేచియుండును. విచక్షణ లేక మంటిలో పోయు శిలీంధ్రనాశకములు శత్రువును పూర్తిగా చంపజాలవు సరికదా, భాస్వరము తెచ్చియిచ్చు హితులను గూడ చంపును. ఇట్టి వ్యయమును నేను సమర్థింపజాలను. డెల్టా రైతునకు అంతకన్న మేలైన సాధనము చేతిలోనే కలదు: తెగులు పడిన చేనిలో అరటిని మాని వరి నాటి నీరు నిలిపినచో, గాలి యాడని బురదలో ఫ్యుజేరియం క్షీణించును. కాని అదే కాలువ, తెగులుచేని నీటిని దిగువ చేనికి చేర్చినయెడల, వరమే శాపమగును.

కావున రైతుసోదరులారా! తెగులు సోకిన తోటనుండి పిలకను తీయకుడు, కొనకుడు. ఎండిన బోదెను కాలువలోనికి త్రోయకుడు. ఒక చేనిలో వాడిన పలుగును పారను కడుగక వేఱొక చేనిలో దింపకుడు. సందేహము కలిగినపుడు కొవ్వూరు ఉద్యాన పరిశోధనా స్థానమువారిని అడిగి తెలిసికొనుడు.